మామయ్య భుజం, అత్తమ్మ చేతులు

ఆ ఏడు మామయ్యకు కుడి భుజం బిగుసుకుపోయింది. చొక్కా తొడుక్కోవాలంటే ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తి, పసిపిల్లకు తొడిగినట్టు నెమ్మదిగా దూర్చుకోవాలి. అశ్వారావుపేట దగ్గర మాకున్న పామాయిల్ తోటను ఒంటిచేత్తో చూసుకునే మనిషి అన్న మాట అప్పుడు అక్షరాలా నిజమైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఫిజియోథెరపీ చేయించుకో పెద్దాయనా, రోజూ చేత్తో కదిలిస్తే వదులుతది" అని పంపించాడు.

ఫిజియోథెరపిస్టు ఇంట్లోనే ఉంది. నేనే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కోడలితోని ఒళ్ళు పట్టించుకుంటనా? ఊళ్ళె తిరగనిస్తరా?" అన్నారు మామయ్య.

నా దగ్గరికి రోజూ ఎంతోమంది పెద్దవాళ్ళు వస్తారని చెప్పాను.

"ఆళ్ళు ఎవరి మామలో. నేను నీ మామను" అన్నారు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. చెయ్యి పట్టేది అత్తమ్మ. నేను గుమ్మానికి ఇవతల, తెర వెనక నిలబడి చెప్పాలి.

మామయ్య మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. "అత్తమ్మా, ఒక చెయ్యి భుజం మీద పెట్టి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో మోచెయ్యి దగ్గర పట్టి పక్కకు మెల్లగా జరపండి. నొప్పి మొదలైన చోట ఆపండి" అన్నాను.

తరువాత అత్తమ్మ గొంతు వినిపించింది.

"నా కొత్త మిక్సీ మీ చెల్లెకెందుకిచ్చినవ్?"

"అది అడిగిందే! అబ్బా!"

"నేనడిగితే పర్ణశాలకు తీస్కపోయినవా?"

"తీస్కపోత! ఈ వారమే తీస్కపోత! చెయ్యి ఇడ్వు!"

"అత్తమ్మా, నొప్పి దాటి లాగకూడదు" అని అరిచాను.

"నొప్పి ఏంది బిడ్డా, అంత నాటకం" అంది అత్తమ్మ. ఆమె గొంతులో అంత హుషారు నేను కాపురానికి వచ్చాక ఎన్నడూ వినలేదు. ఆ వారంలో మిక్సీ తిరిగి మా వంటింటికి వచ్చింది. భుజం మాత్రం ఉన్నచోటనే ఉంది.

ఒకరోజు అత్తమ్మ చేతులు కడుక్కుని గదిలోకి వస్తుంటే, మామయ్య మంచం మీద లేచి కూర్చుని కేకేశారు. "బిడ్డా! నువ్వే రా. ఊరు ఏమన్న అనుకోనీ!"

నేను లోపలికి వెళ్ళేసరికి మామయ్య ముఖం మీద తువ్వాలు కప్పుకుని బిగుసుకుని ఉన్నారు. భుజానికి వేడి గుడ్డతో కాపడం పెట్టి, కీలు చుట్టూ వేళ్ళతో వదులు చేసి, చేతిని కొద్దికొద్దిగా పక్కకు జరిపి వెనక్కి తెచ్చాను. చాలాసేపటికి తువ్వాలు కింద నుంచి గొంతు వచ్చింది.

"ఇంకా మొదలుపెట్టలేదా?"

"అయిపోవచ్చింది మామయ్యా."

"మరి నొప్పేది?"

పక్కన పీట మీద కూర్చున్న అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "గట్ల సుతారంగ చేస్తే ఏం తగ్గుతది? జర గట్టిగ పట్టు" అంటూ అప్పటినుంచి ప్రతిరోజూ అక్కడే కూర్చుని నాకు సలహాలిచ్చింది.

తగ్గడానికి నెలలు పట్టింది. చెయ్యి పూర్తిగా పైకి లేచిన రోజు మామయ్య బండి తీసుకుని బజారుకు వెళ్ళారు. వస్తూ మెడ పట్టేసిన స్నేహితుడిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చారు. ఆ పెద్దాయన నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"సిగ్గెందుకురా? డాక్టర్ ముందల సిగ్గుపడ్తరా ఎవరన్న?" అని గదమాయించి, మామయ్యే అతనికి కుర్చీ వేశారు.