గంపల మంత్రి అంకాలమ్మ

అంకాలమ్మతో మాటల్లో గెలిచినవాళ్ళు మా పాళెంలో లేరు. విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో నేను మిషన్ బడి పంతులుగా ఉన్నంతకాలం ఆమె గొంతే నాకు గడియారం. తెల్లారగానే వలల దగ్గర బేరం, పొద్దెక్కగానే రోడ్డు మీద బస్సు కండక్టరు హజరత్తయ్యతో తగవు. ఆ తగవు రోజూ ఒకటే. చేపల గంపను బస్సెక్కించమని ఆమె, కంపు, కుదరదని అతను. ఆమె అతని తాతముత్తాతల్ని వరసపెట్టి తలుచుకునేది. అతను రైట్ అనేవాడు. బస్సు పోయేది.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు దాకా నడిచేది. చేరేసరికి కానాగంత చేపలు మెత్తబడిపోయేవి. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూసి మూతి విరిచేవాళ్ళు. మొగుడు సముద్రంలో పోయాక ఆమెకు కూడుపెట్టేది ఆ గంపే. మోకాళ్ళు వాచిపోయి ఉండేవి, అందరం చూస్తూనే ఉన్నాం. ఒకసారి పలకరించబోతే, “నా మోకాళ్ళతో నీకేం పని అయ్యోరా, నీ బడి జూసుకో” అని కసిరింది. ఇంక నేను అడగలేదు.

పందొమ్మిది వందల అరవై రెండు ఎన్నికల్లో మా వాళ్ళు రెండు పార్టీలుగా చీలి తెడ్లతో కొట్టుకున్నారు. ఆ సంగతి నెల్లూరు దాకా పోయింది. తిట్టుకోకుండా రాజకీయం మాట్లాడటం, ఊరికి కావలసింది పద్ధతిగా అడగటం నేర్పుతామని విశ్వవిద్యాలయం వారు ఒక శిబిరాన్ని పంపారు. నెల్లూరు కాలేజీ నుంచి రంగనాయకులు గారనే పాలిటిక్స్ లెక్చరరు, వెంట కొందరు విద్యార్థులు. నా బడిలోనే దిగి, నా బెంచీలు లాగేసి, నమూనా శాసనసభ అన్నారు.

మొదట నేర్పింది ‘అధ్యక్షా’ అనే మాట. ఎవరూ ఎదుటివాడితో నేరుగా మాట్లాడకూడదు, అధ్యక్షుడితోనే చెప్పాలి. మా వాళ్ళకు ఆ మాట తెగ నచ్చింది. పడవలో చుక్కాని తిప్పాలన్నా అధ్యక్షా. “గౌరవనీయ సభ్యులకు కూడు పెట్టమంటారా?” అని పెళ్ళాలు మొగుళ్ళనడిగారు. కల్లు దుకాణం దగ్గర కూడా తోసుకోవడం మానేసి సవరణలు ప్రతిపాదించారు. నాకైతే మతిపోయింది.

శిబిరం ఆఖరున సభ పెట్టారు. అధ్యక్షుడు పాళెం పెద్దకాపు, మా తగవులు తీర్చే కులపెద్ద. చర్చ చేపల గంపల మీద. ఎదుటివాడి బాధ తెలియాలి గనక ఎవరి పక్షం వాళ్ళు మాట్లాడకూడదని లెక్చరరు గారి నియమం. అంకాలమ్మను రవాణా మంత్రిని చేసి, గంపలు ఎక్కించకూడదని వాదించమన్నారు. హజరత్తయ్యను పిలిపించి, ఎక్కించాలని వాదించమన్నారు.

ఆ మహానుభావుడికి తెలియనిది ఒకటుంది. మా పాళెంలో ఉత్తుత్తి సభలుండవు. పెద్దకాపు నలుగురి ముందు పలికిందల్లా దురాయి, ఊరి కట్టుబాటు. మీరితే జరిమానా, మళ్ళీ మీరితే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ పుట్టవు.

అంకాలమ్మకు తెలుసు. కానీ వాదనకు దిగాక ఓడిపోవడం ఆమెకు చేతకాదు. కొంగు దోపుకుని లేచింది.

“అధ్యక్షా! పెళ్ళికి పొయ్యే పిల్ల పట్టుచీర మింద చేపనీళ్ళు కారితే ఆ పెళ్ళి జరగతాదా? బడికి పొయ్యే బిడ్డ పుస్తకాన్ని పిల్లి నాకితే ఆ బిడ్డకు చదువొస్తాదా?”

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హజరత్తయ్య లేచి నిలబడి టోపీ నలుపుతూ, “అధ్యక్షా, ఆమె ఎండలో నడిసిపోతా ఉంటే కిటికీలో నుంచి జూస్తా ఉండా. నాకే సిగ్గేస్తాది” అని కూర్చున్నాడు. పిల్లి తెప్పించిన నవ్వుల్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

చేతులెత్తమన్నారు. గంపలమ్మే ఆడవాళ్ళతో సహా మంత్రి పక్షానికే ఎత్తారు. గెలుపు సంబరంలో అంకాలమ్మ కూడా ఎత్తింది. పెద్దకాపు తుండుగుడ్డ సర్దుకుని లేచాడు. “ఇదే దురాయి. ఈ పొద్దు నుంచి పాళెం గంప బస్సెక్కగూడదు.”

లెక్చరరు గారు నాటకం రక్తి కట్టిందని చప్పట్లు కొట్టారు. అయ్యా, ఇది నాటకం కాదని చెప్పబోతే ఒక విద్యార్థి నా మీద “ఆర్డర్! ఆర్డర్!” అని అరిచాడు.

అంకాలమ్మ ముఖం అప్పుడు వాడింది. నాకు ఒళ్ళు మండింది. మా పాళెం సభలో ఆడది నోరు విప్పడం అదే మొదలు. ఆ మొదటి మాటనూ ఆమె మీదికే తిప్పించారు ఈ చదువుకున్నవాళ్ళు. మరునాడు సామాన్లు సర్దుకుని, కార్యక్రమం దిగ్విజయమని నా చేయి ఊపి వెళ్ళిపోయారు.

ఇక్కడ మరో వింత జరిగింది. ఆ సభలో హజరత్తయ్య మాటకు మనసు మార్చుకున్నవాడు ఒక్క హజరత్తయ్యే. ఓనరు కాళ్ళావేళ్ళా పడి బస్సు వెనుక రేకు తొట్టి బిగించుకొచ్చాడు, గంపల కోసం.

“ఎక్కించక్కా!”

“దురాయి ఉండాది. గౌరవ సభ్యులు పక్కకు తప్పుకోవాల” అని ఆమె నడిచింది. బస్సు ఆమె పక్కనే, ఆమె నడక వేగంతో కదిలింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ అతను బతిమాలాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు పెట్టి అధ్యక్షా, అధ్యక్షా అంటూ చెరొక పక్షం మాట్లాడారు. రోజూ ఇదే ఊరేగింపు. అల్లూరులో బస్సు మారి నెల్లూరు కోర్టుకు పోవలసినవాళ్ళు వాయిదాలు పోగొట్టుకున్నారు.

ఒకరోజు రోడ్డు మధ్యలో ఆమె కూలబడింది. కనీసం నువ్వన్నా ఎక్కమంటే, గంప లేకుండా ఎక్కనంది. గంపను ఎక్కించనివ్వలేదు. తిరిగి లేవగలిగేదాకా బస్సూ, ప్రయాణికులూ, కాకులూ ఆమె చుట్టూ ఎండలో నిలబడ్డారు. ఆ పూట చేపలన్నీ పారబోసింది. ఇలా ఇంకొన్నాళ్ళు నడిస్తే ఆ వ్యాపారమూ పోతుంది, ఆమే పోతుంది.

నేను పెద్దకాపు దగ్గరికి పోయాను. సభ వేసినవాళ్ళే వచ్చి మళ్ళీ సభ వేస్తే తప్ప దురాయి తియ్యడానికి లేదన్నాడు. నెల్లూరు పోయి రంగనాయకులు గారిని పట్టుకున్నాను. చర్చ ఇంకా నడుస్తున్నదా అని ఆయన మురిసిపోయి బయలుదేరారు.

సభ నిండింది. ఈసారి ఏ జంతువును తెస్తుందోనని జనం ముందే నవ్వు సిద్ధం చేసుకున్నారు. అంకాలమ్మ బెంచీ పట్టుకుని లేచింది.

“అధ్యక్షా, నా మోకాళ్ళు పని చెయ్యడంలా. నడవలేకుండా ఉండా. బస్సెక్కనియ్యమని అడగతా ఉండా.”

ఎవరూ నవ్వలేదు. లెక్చరరు గారు మాత్రం లేచి, “అమ్మా, సొంత విషయాలు చర్చకు రాకూడదు. సూత్రం మీద మాట్లాడాలి” అన్నారు.

“అయ్యా,” అన్నాడు పెద్దకాపు, “సభలో మనిషి మాట్లాడతా ఉంటే అడ్డమొచ్చినారు. మీకు జరిమానా. గంగమ్మకు టెంకాయ కొట్టి పోండి.”

రంగనాయకులు గారు నా వైపు చూశారు. నేను పైకప్పు చూశాను. “అధ్యక్షా, క్షమించాలి” అని ఆయన కూర్చున్నారు.

పెద్దకాపు ఓట్లు అడగలేదు. దురాయి తీసేశానన్నాడు. తర్వాత కోపంగా, “ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు జెప్పలేదు మే?” అన్నాడు.

“అడిగితే ఇస్తారని నాకేం తెలుసు?” అంది ఆమె.

మరునాడు సుద్దముక్కల కోసం నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. గంప తొట్టిలో ఎక్కింది. అంకాలమ్మ కిటికీ పక్కన నిటారుగా కూర్చుని ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. దారి పొడుగునా ఆ పట్టు వదల్లేదు. అల్లూరులో అందరూ దిగారు. ఆమె కదల్లేదు.

“దిగక్కా,” అన్నాడు హజరత్తయ్య, “అల్లూరొచ్చేసినాది.”

ఆమె కిటికీలోంచి చేపల అంగళ్ళను చూసింది. అతని ముఖం చూసింది.

“ఏంది నాయనా,” అంది, “అల్లూరు ఇంత దగ్గిర్లోనే ఉండిందా?”