ఊపని తిత్తి

మొన్న మేముండే ఈ హిందీ ఊళ్లో, తెలిపారా అనే బజారులో మా అబ్బాయి చేత్తో తిప్పే ఇనుప పంకా ఒకటి కొన్నాడు, మేడ మీద కబాబులు కాల్చుకోవడానికట. హ్యాండిల్ తిప్పగానే బొగ్గులు బుస్సుమని ఎర్రబడ్డాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మోకాళ్ల నొప్పి వంక పెట్టి కిందికి దిగి వచ్చేశాను.

మా మావగారు లోకో షెడ్డులో కమ్మరి. ఆవిరి ఇంజన్లు మూలపడుతున్న రోజుల్లో రిటైరై, మా క్వార్టరు పెరట్లో కొలిమి పెట్టుకున్నారు. దానికి గాలి ఊదే మేకతోలు తిత్తి ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చినది. దగ్గర్లోని బిల్హా అనే ఊరి రైతులు కొడవళ్లు పట్టుకుని లోకల్ బండిలో వచ్చేవారు. వాళ్లు వచ్చిన రోజు ఆయన నడకే వేరు. ఆ ఇంటి ఆచారం ప్రకారం కోడలే తిత్తి ఊపాలి. ఇంటర్ చదివి, రైల్వే గుమాస్తాని చేసుకుని, మసి చీరతో కొలిమి ముందు కూర్చోవడం నాకు చచ్చేంత నామోషీ.

ఓ ఎండాకాలం ఆయన కంటి ఆపరేషనుకి వెళ్తూ నాకు ఒకే పని అప్పగించారు. "రోజూ కాస్త ఆముదం రాసి, నిప్పు నేకపోయినా నాలుగూపులు ఊపమ్మా. నేకపోతే తోలు బిగిసిపోద్ది." అలాగే అన్నాను. వారం అనుకున్నది నెలన్నర అయింది. ఆముదం సీసా మూతైనా తీయలేదు. మరిచిపోయి కాదు, పొగలేని పెరడు నాకు హాయిగా ఉంది.

నల్లద్దాలతో తిరిగొచ్చిన మనిషి టీ అయినా తాగకుండా పెరట్లోకి నడిచారు. ఒక్క ఊపుకే మడతల దగ్గర తోలు అప్పడంలా విరిగింది.

"ఏటమ్మా, ఊపనేదేటి?"

"రోజూ ఊపాను మావయ్యా."

ఆయన ఆ తోలుని చాలాసేపు తడిమారు. "అచ్ఛా. అయితే తోలుదే తప్పు. ముసిల్దయిపోనాది" అన్నారు.

నమ్మారో, నా పరువు కాపాడారో నాకిప్పటికీ తెలియదు. అలాంటి తిత్తి కుట్టేవాళ్లు ఇక్కడ దొరకలేదు. ఊరి నుంచి తెప్పిద్దామని మా ఆయన అనలేదు, నేనూ గుర్తు చేయలేదు. రైతులు రెండు మూడుసార్లు వచ్చి, ఊరికే కూర్చుని వెళ్లిపోయారు. తర్వాత రావడం మానేశారు. ఆయన మాత్రం చల్లారిన కొలిమి పక్కనే స్టూలు వేసుకుని రెండేళ్లు కూర్చున్నారు. నేను టీ ఇస్తే బాగుందమ్మా అనేవారు. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. నేనాడిన అబద్ధానికి మాత్రం ఒక్క రోజు కూడా వయసు మీరలేదు.