కొక్కేలు రెండు, అబ్దోష్ ఒకడు

ఇథియోపియాలోని హరార్‌లో పాత పెజో టాక్సీ ముందు స్ప్రింగు విప్పాలంటే మెకానిక్ బెక్రి షెడ్డుకే రావాలి. స్ప్రింగును అణిచిపట్టే పనిముట్టు ఉన్నది అతని దగ్గరే. సొంతంగా చేసుకున్నాడు. అందులో భాగాలు మూడు: లారీ కమాన్ పట్టీ కాల్చి వంచిన కొక్కేలు రెండు, ఎదురు కొట్లో ఒంటె మాంసం అమ్మే అబ్దోష్ ఒకడు.

అబ్దోష్ వచ్చి మడ్‌గార్డు మీద కూర్చుంటాడు. కారు ముక్కు దిగుతుంది, స్ప్రింగు చుట్లు దగ్గర పడతాయి. బెక్రి కిందికి దూరి కొక్కేలు తగిలిస్తాడు. ఆపైన అబ్దోష్ దిగినా స్ప్రింగు సాగదు. అబ్దోష్ కూలి పుచ్చుకోడు. పెళ్లిళ్లలో మాత్రం, "నిన్న మేమొక స్ప్రింగు దించాం" అంటాడు.

ఈ ఏడు ఆయనకి షుగరొచ్చింది. డాక్టరు నోరు కట్టేశాడు. మనిషి సగమయ్యాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి టాక్సీ మీద ఎప్పట్లాగే దర్జాగా కూర్చున్నాడు. కారు ముక్కు సరిగా దిగలేదు, కొక్కెం అందలేదు.

"కొక్కెం వంగిపోయిందన్నా," అని అబద్ధమాడాడు బెక్రి.

"పనిముట్లు జాగ్రత్తగా చూసుకోవాలిరా," అని మందలించి వెళ్లాడు అబ్దోష్.

ఇంకో లావుపాటి మనిషిని పిలవడం ఎంతసేపు? కానీ అబ్దోష్ ఎదురుగా కత్తి నూరుకుంటూ చూస్తుండగా, ఆయన చోట మరొకణ్ణి కూర్చోబెట్టడమా? డాక్టరు తియ్యటి టీ మాన్పించాడు. ఇదీ మాన్పిస్తే ఆయనకింకేం మిగులుతుంది?

మర్నాడు ఎదురు కొట్టు తెరవకముందే బెక్రి లారీ బ్రేకు డ్రమ్ములు మోసుకొచ్చి, కారులో ముందు కాళ్లు పెట్టుకునేచోట పేర్చి, గోనెపట్టా కప్పాడు. నడుం పట్టేసింది.

అబ్దోష్ వచ్చి కూర్చున్నాడు. కారు ముక్కు బ్రహ్మాండంగా దిగింది.

"చూశావా? డాక్టర్లకేం తెలుసు!"

కింద బెక్రి ఇంకా కొక్కెం పెట్టనేలేదు, అవతల్నించి కేక.

"అబ్దోషూ! మాంసం అమ్ముతావా, ఊరికే పంచేస్తావా? కొట్లో ఎవరూ లేరు!" దర్జీ రెమెదాన్, భారీ మనిషి.

"వస్తున్నా!" అని అబ్దోష్ దూకాడు.

అబ్దోష్ దిగాడు గానీ కారు ముక్కు పూర్తిగా పైకి లేవలేదు. ఆయన కారుని చూశాడు, తన పొట్టని చూసుకున్నాడు. తలుపు తీసి గోనెపట్టా ఎత్తాడు.

"ఇదెవర్రా?"

బెక్రి కారు కిందే ఉండిపోయాడు. "నువ్వే అన్నా. అంటే... తగ్గినంత మేరకు."

అబ్దోష్ డ్రమ్ములు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. మాంసం తూచే చేతులు.

"మోసం! నేనింత తగ్గలేదు. ఒకటి ఎక్కువేశావు."

"పొరపాటైందన్నా."

"ఏమయ్యా, నా మాంసం?" వెతుక్కుంటూ వచ్చాడు రెమెదాన్.

"ఉండవయ్యా, ఇక్కడ తూకంలో తేడా వచ్చింది." అబ్దోష్ ఒక డ్రమ్ము తీసి రోడ్డు మీద పెట్టి, మళ్లీ మడ్‌గార్డెక్కాడు. "ఊఁ, తగిలించు."

కింద కొక్కెం రెండు మూడుసార్లు గీరుకుంది గానీ తగల్లేదు.

"ఎంత తక్కువరా?"

"గోరంత అన్నా."

అబ్దోష్ రోడ్డు మీది డ్రమ్ముని చూశాడు, రెమెదాన్‌ని చూశాడు.

"రెమెదాన్, ఇలా వచ్చి కూర్చో."

"నేనా? నేనంత లావున్నానా?"

"ఎవరన్నారు? నాకు సాయంగా రమ్మంటున్నా. వీపు నిటారుగా పెట్టు. కదలకు. ఇది అందరికీ వచ్చే పని కాదు."

రెమెదాన్ కూర్చున్నాడు. కింద ఒక కొక్కెం టక్కుమంది.

"దిగనా?"

"తొందరపడకు, ఇంకోటుంది," అన్నాడు అబ్దోష్, కొంచెం జరిగి చోటిస్తూ.