ఇంటిల్లిపాదికీ పూత

మా బాబుకు ఏడాదిన్నర వయసప్పుడు ఒంటి మీద పొక్కులు లేచాయి. మొదట అరికాళ్లలో, తర్వాత మణికట్ల దగ్గర, చంకల్లో, బొడ్డు చుట్టూ. ఆవగింజంత ఎర్ర పొక్కులు. గీరుకుంటే పగిలి రసి కారేది. ఆ రసి బనీనుకు అంటుకుని ఎండిపోతే, పొద్దున బనీను విప్పేటప్పుడు పక్కులు కూడా ఊడి వచ్చేవి. వాడి ఏడుపు కంటే నాకు ఆ వాసనే ఎక్కువ గుర్తుంది. పులిసిన పిండి దగ్గర తడిగుడ్డ నానినట్టు ఉండేది. కన్నతల్లికి బిడ్డ కంపు కొట్టదంటారు. అబద్ధం. నాకు కొట్టింది.

మాది చిత్తూరు. మామకు బెల్లం మండీలో వ్యాపారం, బంగారుపాళ్యం దగ్గర కొంచెం మామిడితోట. ఇంట్లో మామ, అత్త, నా భర్త, నేను, బాబు. నేనొక బడిలో టీచరును కాబట్టి పగలంతా బిడ్డ అత్త దగ్గరే ఉండేవాడు, మధ్యాహ్నం ఆమె పక్కలోనే నిద్రపోయేవాడు. నా పుట్టిల్లు సూళ్లూరుపేట వైపు. మా అమ్మ వాళ్లింట్లో పులికాట్ రొయ్యలు వండని వారం ఉండదు. అత్తగారింట్లో ఆదివారం కోడికూర తప్ప నీసు వాసన తగలకూడదు. అందుకే పొక్కులు లేచిన వారంలోనే తీర్పు వచ్చేసింది.

"పుట్టింటికి పోయి రొయ్యలు తినొచ్చినావు కదా, అది పాలల్లో దిగింది," అంది అత్త.

"మేమంతా ఆ రొయ్యలు తినే పెరిగినాము కదత్తా."

"మీ ఒళ్లు వేరేమ్మా. మా ఇంట్లో ఇట్లాంటిది ఎవురికన్నా వచ్చిందా? సూడు, నువ్వే సూడు."

అత్త శుభ్రం మా వీధికంతా తెలుసు. పనమ్మాయి తోమిన గిన్నెల్ని మళ్లీ తనే కడుక్కునేది. బయటి నుంచి ఎవరొచ్చినా కాళ్లు కడుక్కునేదాకా గడప దాటనిచ్చేది కాదు. అలాంటి ఇంట్లో బిడ్డ ఒంటి మీద పుళ్లు లేవడం ఆమెకు అవమానం. ఆ అవమానాన్ని ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలి. నేను దగ్గర్లో ఉన్నాను.

తర్వాత వైద్యాలు మొదలయ్యాయి. కుప్పింటాకు, పసుపు కలిపి నూరి వాడి ఒంటికి పట్టించేవారు. అది ఎండి పొరలు పొరలుగా రాలి పరుపు మీద, అన్నం తినే చోట, నా జుట్టులో కనిపించేది. ఇంకో వారం పుల్ల మజ్జిగ. దానికి ఈగలు మూగేవి. మామ తోటలో కాపలా ఉండే ఆయన మామిడి సొన తగిలుంటుందన్నాడు. పక్కింటావిడ సర్పి అంది. దానికి మందు ఎర్రమన్ను పూతేనని, పూసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయారు. ఒళ్లంతా మన్ను పూసుకుని, మధ్యలో రెండు కళ్లు మాత్రం తడిగా మెరుస్తూ, వాడు నా చంకలో కూర్చుని ఇంటిదాకా ఏడ్చాడు. నా చీర నిండా మన్ను, రసి, చీమిడి. ఇల్లు చేరగానే పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

చుట్టాలు చూడ్డానికి వచ్చేవారు. గుమ్మంలో నిలబడి "అయ్యో పాపం" అనేవారు, ఎవరూ ఎత్తుకునేవారు కాదు. ఒక నామకరణంలో మా బాబు వేరే బిడ్డ చేతిలోని గిలక పట్టుకున్నాడు. ఆ బిడ్డ తల్లి గిలకను లాక్కుని, నా ముందే, మంచినీళ్ల సీసా వంచి కడిగింది. కడుగుతూ నన్ను చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ ఉమ్మాలనిపిస్తుంది.

వీధి చివర మందుల షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు. "ఇది పూయండక్కా, నాలుగు దినాల్లో మాయమైపోతుంది," అన్నాడు. నిజంగానే మాయమైంది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. పూయడం ఆపిన వారానికి పొక్కులు రెట్టింపై తిరిగి వచ్చాయి, ఈసారి వీపు మీద కూడా. మళ్లీ ట్యూబు, మళ్లీ మాయం, మళ్లీ ప్రత్యక్షం. వాడి పొట్ట మీది చర్మం ఉల్లిపొర లాగా పలచబడింది.

అప్పుడు చిత్తూరులోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బిడ్డ చొక్కా పైకెత్తి, దించి, అలర్జీ అయ్యుండొచ్చన్నాడు. రక్తపరీక్ష చేయించాడు. అందులో ఏదీ స్పష్టంగా తేలలేదు. అయినా గుడ్డు, ఆవుపాలు, శనక్కాయలు, చేపలు కొన్నాళ్లు ఆపి చూడమన్నాడు.

అలర్జీ అనే మాట మా ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చినట్టు వచ్చింది. అత్త అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. "అలర్జీ అంట. సున్నితమైన ఒళ్లంట బిడ్డది. ఏది పడితే అది పడదంట." ఆ గొంతులో బాధ ఉంది, దాని పక్కనే కొంచెం గొప్ప కూడా ఉంది. పుళ్లు అంటే తలదించుకోవాలి, అలర్జీ అంటే తలెత్తుకుని చెప్పొచ్చు. డాక్టరు నాలుగు ఆపమంటే అత్త ఇంకో పది ఆపింది. వంకాయ, టమోటా, చిక్కుడు, అరటిపండు. పాలిస్తున్నాను కాబట్టి నాకూ పథ్యమే. వాడు రాగిసంగటి తప్ప ఏమీ లేక చిక్కిపోయాడు. పక్కటెముకలు తేలాయి. పొక్కులు మాత్రం బలంగా ఉన్నాయి.

ఇంతలో నా వేళ్ల సందుల్లో నవ మొదలైంది. సబ్బు పడలేదనుకున్నాను. మామతో పాటు మండీకి పోయే నా భర్త నడుము దగ్గర గోక్కునేవాడు. "మండీలో దుమ్ము" అనేవాడు. అత్త గాజుల కింద దువ్వెన పళ్లు దూర్చి గీరుకోవడం చూశాను. నేను చూస్తున్నానని తెలిసి దువ్వెన తీసి తల దువ్వుకుంది. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి మా బడిలో తోటి టీచరు తిరుపతిలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ గురించి చెప్పింది. నా భర్త, నేను, అత్త, బిడ్డ కారులో వెళ్లాం. డాక్టరమ్మ నడివయసు మనిషి, చిత్తూరు మాటే. బాబును బల్ల మీద కూర్చోబెట్టి అన్ని బట్టలూ విప్పించింది. అంతవరకు ఏ డాక్టరూ వాడి అరికాళ్లు చూడలేదు. ఆమె రెండు పాదాలూ తిప్పి, లైటు వేసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. నేను సంచిలోంచి మందులషాపు ట్యూబు తీసి చూపించాను.

"స్టెరాయిడ్ ఇది. దీంతోనే మొత్తం కప్పిపెట్టినారు," అంది. "నవ రాత్రిపూట ఎక్కువగా ఉండాదా?"

"అవును మేడమ్. పడుకోనే పడుకోడు."

"ఇంట్లో ఇంకెవురికైనా నవ ఉండాదా?"

"లేదు," అన్నాం. ముగ్గురం ఒక్కసారే అన్నాం.

ఆమె మమ్మల్ని ముగ్గురినీ వరసగా చూసింది. అప్పుడే బాబు బల్ల మీంచి దిగబోతే అత్త చెయ్యి చాపి పట్టుకుంది. గాజులు వెనక్కి జారాయి. మణికట్టు చుట్టూ గీరిన గీతలు, ఎండిన పక్కులు, వాటి మధ్య బాబు ఒంటి మీద ఉన్నటువంటి ఎర్ర గింజలు.

"ఏదీ, ఆ చెయ్యి రొంత ఇట్ల పెట్టండమ్మా," అంది డాక్టరమ్మ.

అత్త పైట కొంగు చేతి మీదకు లాక్కుంది. "అది చెమటకాయ."

"పెట్టండి, సూస్తాను."

చూసింది. తర్వాత నా వేళ్ల సందులు చూసింది. నా భర్తను తెర చాటుకు తీసుకెళ్లి నడుము చూసింది. వచ్చి కూర్చుని మామూలుగా చెప్పింది. "అలర్జీ కాదమ్మా. గజ్జి. ఇంట్లో అందరికీ ఉండాది."

అత్త ముఖం మీద ఎవరో చెంబెడు మురికినీళ్లు పోసినట్టు అయింది. "మాది అట్లాంటి ఇల్లు కాదు మేడమ్," అంది.

"ఎట్లాంటి ఇంటికైనా వస్తుంది. గజ్జి పురుగుకు మీ ఇల్లు ఎంత నీటుగా ఉండాదో తెలీదు కదా. కంటికి కనపడనంత ఉంటుంది. తోలు కింద దారి తొలుచుకుని పోయి గుడ్లు పెడుతుంది. ఒకే పక్కలో పడుకున్నా, ఎత్తుకున్నా అంటుకుంటుంది. ఎవురి నుంచి మొదలైందో చెప్పలేము."

తోలు కింద గుడ్లు. ఆ మాట విన్నాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నా చర్మాన్ని చీర విప్పినట్టు విప్పి అక్కడే పారేసి వెళ్లిపోవాలనిపించింది. నెలల తరబడి బిడ్డకు కోడిగుడ్డు మానిపించాం. పురుగు గుడ్లు మాత్రం వాడి పాదాల కింద, మా అందరి వేళ్ల సందుల్లో హాయిగా పొదిగించాం.

"తిండి ఏం ఆపాల మేడమ్?" అని అడిగాను అలవాటుగా.

"ఏమీ ఆపొద్దు. బిడ్డ ఎండిపోయినాడు, పెట్టండమ్మా ముందు." క్రీము రాసిచ్చింది. పెద్దవాళ్లు మెడ నుంచి అరికాళ్ల దాకా, బిడ్డకు తల, ముఖం కూడా, కళ్లూ నోరూ వదిలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి, పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మళ్లీ. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి సంచుల్లో మూతికట్టి పక్కన పెట్టాలి.

తిరిగివచ్చేటప్పుడు కారులో అత్త ఒక్కటే మాట అంది, ముందు సీట్లో ఉన్న కొడుకుతో. "ఎవురికీ చెప్పొద్దురా. అలర్జీ అనే చెప్పు."

మరుసటి రోజు పొద్దంతా నీళ్లు కాచడమే. మిద్దె మీద దుప్పట్లు, దిండు గలీబులు, చీరలు, పంచెలు. అవన్నీ నిన్నటిదాకా మేం పండుకున్నవి, ముఖాలు తుడుచుకున్నవి. నేను వాటిని కర్రతో ఎత్తి నీళ్లలో వేశాను, చేత్తో ముట్టుకోలేదు. ఉడికే నీళ్ల మీద బురదరంగు నురగ తేలింది.

సాయంత్రం మామ మండీ నుంచి వచ్చాడు. విషయం విని మండిపడ్డాడు.

"నాకేం లేదు. నేను పూసుకోను. గజ్జిమందు పూసుకున్నానని మండీలో తెలిస్తే నా బెల్లం ఎవురు కొంటారు?"

"నవ లేకున్నా పూసుకోవాలంట నాయనా," అన్నాడు నా భర్త. "ఒకరు వదిలేసినా మళ్లీ అందరికీ వస్తుందంట."

"మీకు రోగమొస్తే నాకెందుకురా మందు?"

ఆ మాట వినేసరికి నాకు ఆ పురుగు మీదకంటే ఆయన మీద ఎక్కువ రోత పుట్టింది. మామ ముందు ఎప్పుడూ గొంతెత్తని దాన్ని, వంటింటి గడప మీంచే అన్నాను. "పూసుకోనోళ్లు బిడ్డను ఎత్తుకోవద్దు మామా. ఈ పొద్దు నుంచి."

మామ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. కాసేపటికి బాబు తడబడుతూ ఆయన కాళ్ల దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పైకెత్తాడు. ఆయన నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. బాబు చేతులు దించకుండా ఏడుపు ముఖం పెట్టాడు. అప్పుడు మామ కొడుకు వైపు చెయ్యి చాపి, "ఇట్లియ్యిరా ఆ ట్యూబు," అన్నాడు విసుగ్గా.

మగవాళ్లిద్దరూ ఒక గదిలో పూసుకున్నారు. నేను బాబుకు పూసి, నాకు పూసుకున్నాను. ఇంకో గదిలోంచి అత్త పిలిచింది. తలుపు వేసి ఉంది. తోసుకుని వెళితే, రవిక విప్పి, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"వీపు అందలేదమ్మి," అంది.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో నేను ఆమెను చేతులు తప్ప ఎక్కడా ముట్టుకోలేదు. వీపంతా గోళ్ల గీతలు. కొన్ని మానాయి, కొన్ని పచ్చిగా ఉన్నాయి. నడుము మడతలో పక్కులు బెల్లం పెచ్చుల్లాగా పేరుకున్నాయి. ఎన్నాళ్లు ఇలా లోపల్లోపల గీరుకుందో. నాకు జాలి కలగలేదు, రాయడానికి సిగ్గుగానే ఉంది. ఈ వీపు పక్కనే నా బిడ్డ పండుకున్నాడన్నదే తిరిగింది బుర్రలో. ఊపిరి బిగబట్టి పూశాను. మడతల్లో కూడా, వేలితో, ఒక్క చోటు వదలకుండా.

"మండుతుందా అత్తా?"

"లేదు. సల్లంగా ఉండాది," అంది. కాసేపాగి, "నా నుంచే వచ్చిందా వానికి?" అని అడిగింది.

"ఎవరి నుంచి వచ్చిందో తెలీదన్నారు కదా డాక్టరు."

నేను చేతులు కడుక్కోవడానికి లేచాను. కడుక్కోకూడదని, మందు చేతులకు కూడా ఉండాలని గుర్తొచ్చి ఆగిపోయాను.

పలమనేరులో ఉండే మా ఆడబిడ్డ, మాకు ఈ సంగతి తెలియకముందు, ఇద్దరు పిల్లలతో వచ్చి సెలవులంతా మా పక్కల్లోనే పండుకుని వెళ్లింది. ఆమెకు చెప్పొద్దంది అత్త, అత్తగారింట్లో పరువు పోతుందని. నేను చెప్పాను. "మా ఇంట్లో అట్లాంటియి ఉండవు వదినా," అని పెట్టేసింది. వాళ్లమ్మ గొంతే. నాలుగైదు రోజులకు వాళ్లన్నకు ఫోన్ చేసి మందు పేరు అడిగింది, తెలిసినవాళ్లెవరికో కావాలంట.

రెండోసారి పూతతో కొత్త పొక్కులు ఆగాయి. నవ మాత్రం ఇంకొన్ని వారాలు ఉంది. చచ్చిన పురుగులకు కూడా ఒళ్లు కోపగించుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా ఎక్కడ చీమ పాకినట్టనిపించినా లైటు వేసి చూసుకునేదాన్ని. బాబు గుడ్డు తిన్నాడు, పెరుగన్నం తిన్నాడు, ఏమీ కాలేదు. పక్కటెముకలు మళ్లీ కనిపించకుండా పోయాయి. పాదాల మీద నల్ల మచ్చలు మిగిలి, అవీ మెల్లగా పోయాయి.

మొన్నొక సీమంతంలో అత్త పదిమంది మధ్య కూర్చుని చెబుతోంది. "వానికి చిన్నప్పుడు అలర్జీ. తిరుపతిలో పెద్ద డాక్టరుకు సూపించినాము." అక్కడే ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో బిడ్డ మణికట్టు గీరుకుంటుంటే చెయ్యి పట్టి ఆపుతూ, "ఏమేం పెట్టకూడదక్కా?" అని నన్నడిగింది. ఆమెను పక్కకు పిలిచి, మా బాబుకు వచ్చింది అలర్జీ కాదు గజ్జి అని, ఇంట్లో అందరికీ వచ్చిందని, నాకూ వచ్చిందని చెప్పాను. ఆమె బిడ్డను గబుక్కున దగ్గరికి లాక్కుని నా చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చూడనీ అనుకుని, డాక్టరమ్మ ఆస్పత్రికి తిరుపతిలో ఎలా పోవాలో చెప్పడం మొదలుపెట్టాను.