వంకరగా వేలాడిన వెండి బిళ్ళ

లేహ్‌లో విమానం దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ కాస్తోంది. దాన్ని నమ్మి కోటు గుండీలు విప్పాను. పక్కనే ఉన్న సుబేదారు వాటిని తన చేత్తో మళ్ళీ పెట్టాడు. మన జమ్మలమడుగు ఎండ నెత్తి మాడుస్తుంది. అక్కడి ఎండ కంటికే తప్ప ఒంటికి పనికిరాదు.

చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. కొంత దూరం ట్రక్కులో, మిగతాది కంచరగాడిదల వెనక నడిచి మా పోస్టు చేరుకున్నాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. చెట్టు లేదు, పిట్ట లేదు. రాళ్ళు పేర్చి కట్టిన బంకరు, నడుమ కిరోసిన్‌తో మండే పొయ్యి. మనిషికొక రైఫిలు, బొచ్చు కోటు, నల్లద్దాలు, ఉన్ని మేజోళ్ళు. హుకుం చిన్నదే. అవతలి గట్టు మీద ఏం కదిలినా వైర్‌లెస్‌లో చెప్పాలి. ముందుగా కాల్చకూడదు.

సర్కారు ఇవ్వని సామాను నా దగ్గర ఒకటే ఉంది. మెడలో నల్లతాడుకు వెండి బిళ్ళ. అది మా జేజినాయనది, అంటే మా నాయన వాళ్ళ నాయనది. జర్మనీ లడాయికి, అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి, మా పల్లె నుంచి పోయిన ఒకే ఒక్క మనిషి ఆయన. లడాయి ముగిసింది గానీ ఆయన తిరిగి రాలేదు. ఇరాక్‌లోని బస్రా రేవులో జ్వరమొచ్చి పోయాడు. గుడ్డ సంచిలో ఆయన సామాను వచ్చింది. అందులో ఈ బిళ్ళ ఉంది. అప్పటికి మా నాయన పాలు తాగే పిల్లవాడు.

వచ్చేటప్పటికే దాని కొక్కెం విరిగిపోయి ఉందట. మా జేజి, అంటే నాయనమ్మ, దాన్ని ప్రొద్దుటూరు తీసుకుపోయి కంసాలికి ఇచ్చింది. బొమ్మ చెడిపోకూడదని ఆయన అంచులో ఖాళీగా ఉన్న చోటు చూసి బెజ్జం వేశాడు. మంచి మనసుతోనే వేశాడు, పాపం. జేజి దాన్ని దేవుళ్ళ గూటి పక్కన మేకుకు తగిలించింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం చింతపండుతో తోమడం, కుంకుమ పెట్టడం. నలభై ఏళ్ళు తోమితే ఇనుమైనా అరుగుతుంది. అక్షరాలన్నీ పోయాయి. బొమ్మ ఒక్కటి మసకగా మిగిలింది. వరసగా మనుషులు, ముందుకు వంగి, చేతుల్లో పొడుగాటి తుపాకులు పట్టుకుని, వాలుగా ఉన్న కొండ దిగుతూ ఎవరి మీదికో దూకుతున్నారు. మా ఇంట్లో అందరం అలాగే చూశాం. ఊళ్ళోవాళ్ళు కూడా అదే అన్నారు.

ఊరికి అది గొప్ప. జేజికి మాత్రం దిగులు. మనుషుల్ని చంపినందుకు ఇచ్చిన బిళ్ళ అని ఆమె నమ్మకం. అందుకే మహాలయ అమావాస్యనాడు పెద్దలకు పెట్టుకున్నాక, గడప బయట ఇంకో విస్తరాకు వేసేది. తన మొగుడి చేతిలో పోయినవాళ్ళకు. ముసలిదానికి పిచ్చి పట్టిందని అమ్మలక్కలు నవ్వేవాళ్ళు. ఆమె లెక్కపెట్టేది కాదు. నేను పటాలానికి బయల్దేరిన రోజు ఆ బిళ్ళ తీసి నా మెడలో వేసింది.

"ఎవుర్ని సంపినాడో మీ దొరల్ని అడుగు నాయనా. పేరు తెలిస్తే పేరు పెట్టి అన్నం పెడతా. పేరు లేకుండా పిలిస్తే వచ్చినారో రాలేదో, నాకెట్ల తెలిసేది?"

పోస్టులో ఎవరిని అడగను? దొరలు కింద ఎక్కడో ఉన్నారు. మా వైర్‌లెస్ ఆపరేటర్ పులివెందులవాడు. ఆ చలిలో నాకు దొరికిన అదృష్టం అతనే. ఇద్దరం డబ్బాల్లో వచ్చిన పూరీలు పొయ్యి మీద కాల్చుకుంటూ జొన్న సంగటి గురించి, గోంగూర గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆకలి తీరేది కాదు, పెరిగేది. వైర్‌లెస్‌లో "మంచు పడుతోంది, మనుషులు క్షేమం" అని హిందీలో చెప్పి, చెవి డబ్బాలు తీసేసి నన్ను చూసి, "పెన్నలో నీళ్ళు వచ్చినాయో లేదో ఒగ నా కొడుకూ చెప్పడు మామా" అనేవాడు. నవ్వేవాళ్ళం. ఊరి మీద బెంగ ఎంత ఉండేదంటే, గాలివాటున వచ్చే కిరోసిన్ వాసనలో కూడా మా ఇంటి దీపం వాసన వెతుక్కునేవాణ్ణి.

అవతలి గట్టు మీద వాళ్ళ పోస్టు. పొద్దున పూట పొగ లేచేది. అక్కడా ఎవడో ఒకడు పొయ్యి ముందు కూర్చుని ఇంటిని తలుచుకుంటూ ఉంటాడు. కాల్చమంటే కాల్చేవాణ్ణే. కానీ ఆ పొగ చూసినప్పుడల్లా జేజి వేసే విస్తరాకు గుర్తొచ్చేది. చెయ్యి బిళ్ళ మీదికి పోయేది.

మంచు కరిగాక మాకు బదులు వేరేవాళ్ళు వచ్చారు. కింద బేస్‌కు దిగాం. ఇంటికి పంపే హుకుం రావడానికి ఇంకా టైముంది. ఊరికే కూర్చుంటే జవాన్లకు మనసు చెడుతుందని ఆటల పోటీలు పెట్టారు. చివరిది తాడు లాగే పందెం. మా కంపెనీ తరఫున పులివెందులవాడు కూడా తాడు పట్టాడు. నేను పక్కనుంచి చూస్తున్నాను.

ఈల ఊదారు. వరసగా నిలబడ్డ మనుషులు మడమలు నేలలో దించి, తాడు చంకలో బిగించి, వెనక్కి వాలారు. ఆ వరసను ఎక్కడో చూశానని అనిపించింది. చొక్కాలోంచి బిళ్ళ తీశాను. కంసాలి పక్కకు వేసిన బెజ్జాన్ని పట్టించుకోకుండా, బొమ్మలో వాలుగా ఉన్న గీత నేలలాగా చదునుగా నిలిచేదాకా వేళ్ళ మధ్య తిప్పాను. అది కొండ కాదు. వాళ్ళు ముందుకు దూకడం లేదు, వెనక్కి వాలుతున్నారు. చేతుల్లో ఉన్నవి తుపాకులు కావు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే తాడు.

సుబేదారుకు చూపించాను. ఆయన తండ్రి కూడా అదే లడాయిలో బస్రాలో ఉన్నాడట. యుద్ధం ముగిశాక ఇంటికి పోయే ఓడల కోసం పటాలాలు నెలల తరబడి కాచుకున్నాయని, జవాన్లు బెంగతో చిక్కిపోకుండా ఇలాంటి పందేలు పెట్టేవారని, గెలిచిన జట్టులో అందరికీ వెండి బిళ్ళలు ఇచ్చేవారని తండ్రి చెప్పగా విన్నాడు. అలాంటిదే ఒకటి వాళ్ళింట్లోనూ ఉందట. పందెం ముగించుకుని చేతులు రుద్దుకుంటూ వచ్చిన పులివెందులవాడు సంగతి విని నమ్మలేదు.

"అయితే ఈ బిళ్ళ తాడు గుంజినందుకేనా మామా?"

అవునన్నాను. నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు కూడా వచ్చింది, అంతమంది ముందు. నాలాగే మా జేజినాయనా ఇంటికి పోయే హుకుం కోసం కాచుకున్నాడు. నాకు వచ్చింది.

ముద్దనూరులో రైలు దిగి, బస్సు ఎక్కి, దుమ్ము కొట్టుకుని ఇల్లు చేరాను. జేజి పెరట్లో బావి దగ్గర ఉంది. బిళ్ళను సరిగా తిప్పి ఆమె అరచేతిలో పెట్టి, ఒక్కొక్క మనిషినీ వేలితో తడిమించాను. సంగతంతా చెప్పాను. చంపాడో లేదో దేవుడికి ఎరుక, ఈ బిళ్ళ మాత్రం దానికి కాదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఇన్నేళ్ళూ వేసిన విస్తరాకులు ఎవరో ఒకరు ఆకలిగొన్నవాళ్ళు తిని ఉంటారులే అంది. ఆ తర్వాత జేజినాయన గురించి మెల్లగా అడిగింది.

"ఆ దినం ఆయప్ప నవ్వినాడా?"

"గెలిస్తే నవ్వకుండా ఉంటారా జేజీ."

ఆమె లేచి బావి చేంతాడు అందుకుంది. ఒక కొస నా చేతికిచ్చింది. రెండో కొస నడుముకు ఆనించి పట్టుకుని, మడమలు బురదలో దించి వెనక్కి వాలింది. పడిపోతుందేమోనని నేను తాడు వదులు చేశాను.

"గట్టిగా పట్టు. ఆయప్ప ఇంత మెత్తగా పట్టింటాడా?"

గట్టిగానే పట్టాను. లడఖ్‌లో చూసినవి చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు. అరవై దాటిన మా జేజి, పైట జారినా చూసుకోకుండా, కళ్ళు గట్టిగా మూసుకుని, పెళ్ళికూతురిలా నవ్వుతూ, తాడు అవతలి కొసన ఉన్న మనిషిని తన వైపుకు లాక్కుంటోంది. ఆ మనిషి నేను కాదు.