ఎర్ర రింగు ఆడపిట్ట

నిన్నటి పేపర్లో మెడలో దండతో, భుజాన శాలువాతో నా పాత సహాధ్యాయి ఫొటో చూసినప్పటి నుంచీ నాకు కాఫీ కూడా రుచించడం లేదు; ఈ వయసులో ఇంకా ఈ కుళ్ళేమిటని మావారు నవ్వుతారు గాని, అది కుళ్ళేనని నేనెప్పుడూ దాచలేదు.

ఎనభైల్లో మేమిద్దరం ఒకే గురువుగారి దగ్గర డాక్టరేట్ కోసం పరిశోధన చేసేవాళ్లం. సత్తెనపల్లి చుట్టుపక్కల గిజిగాళ్ల మనుగడ యోగ్యతను కొలవడం మా పని. పిట్ట ఎంత బలంగా ఉందన్నది కాదు, దాని పిల్లల్లో ఎన్ని బతికి, పెద్దవై, తామూ పిల్లల్ని పెంచుతాయన్నదే కొలత అనేవారు ఆయన. అందుకే పిల్లలు గూట్లో ఉండగానే కాళ్లకు రంగు రింగులు తొడిగేవాళ్లం. నావి ఎరుపు, అతనివి నీలం.

నాకు పత్తిచేల నడుమ బావి మీదికి వంగిన తుమ్మచెట్టు దక్కింది, అతనికేమో రెండూళ్ల అవతల వాగు ఒడ్డున, జొన్నచేల మధ్య చల్లగా తాటిచెట్లు. తెల్లదోమకు భయపడి రైతులు పొద్దస్తమానం పత్తికి మందు కొట్టే రోజులవి. మరుసటి వానాకాలం నా చెట్టుకు ఎర్ర రింగుల మగపిట్టలు ఒకటీ అరా వచ్చాయి గాని ఆడపిట్ట ఒక్కటీ రాలేదు. మందే చంపిందనుకుని రానివాటన్నిటినీ పోయినవాటి కింద రాసేశాను. అతని తాటిచెట్ల మీద మాత్రం సందడే సందడి. గురువుగారు అతన్ని మెచ్చుకున్నప్పుడల్లా, నా డాక్టరేట్ చేజారిపోతోందని నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు అతను బస్సు దిగి, చెమటలు కక్కుకుంటూ నా తుమ్మచెట్టు దగ్గరికే వచ్చాడు. "మీ ఎర్ర రింగు పిట్ట మా తాటిచెట్టు మీద కాపురం పెట్టిందండీ! గూట్లో పిల్లలు కూడానూ. చచ్చిపోయిందని ఎందుకు రాశారండీ?"

ఆడపిట్టలు పుట్టిన చెట్టు వదిలి వేరే చోటికి వెళ్తాయన్న సంగతి, ఆడపిల్లనై ఉండీ నాకు తట్టలేదు. పిట్ట బతికుందని సంతోషించాలో, అది కూడా అతని చెట్టునే ఎంచుకుందని ఏడవాలో తెలియలేదు. పైగా అతను మంచివాడు, తిట్టుకోవడానికీ వీల్లేదు.

ఆ ఏడే నాకు పెళ్ళయి వినుకొండ కాపురానికి వెళ్లాను, పరిశోధన ఆగిపోయింది. అతను ఊరూరా చెట్లు గాలించి, చెట్టు మారిన ఆడపిట్టల మీదే పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నాడు.

ఇప్పుడా తుమ్మచెట్టు లేదు, బావి పూడ్చేశారు. ఈనాటి అమ్మాయిలు పెళ్ళయ్యాక కూడా పరిశోధనలు సాగిస్తున్నారు, వాళ్లను చూసినా నాకు అసూయే. చెట్టు మారిన నా పిట్టను వెతికి లెక్కలోకి తెచ్చినవాడు ఒకడున్నాడు. ఇల్లు మారిన నన్ను మాత్రం, ఎవరూ వెతకకుండానే, మానేసినవాళ్ల కింద రాసేశారు.