మిగిలిన వైరు

మా బావమరిదితో కొత్త కంప్యూటర్ బిగించుకోవడం నా తెలివితక్కువతనమే. పోచంపల్లిలో మా ఇంట్లోనే మగ్గం నేసే మనిషి. అన్నీ బిగించాక ఒక చిన్న వైరు మిగిలితే, "బట్ట నేస్తే దారం కొసలు మిగుల్తయి బావా, గది ఉత్తదే" అని, పనికిరానిదన్నట్టు డబ్బాలో పడేశాడు.

వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డులోవి. వైఫై వచ్చింది, బ్లూటూత్ మాత్రం కనిపించదు. బ్లూటూత్ హెడ్‌సెట్ పనిచేయక, మీటింగుల్లో నా మాటకన్నా మగ్గం మోతే ఎక్కువ. "ఇట్లయితే వేరేవాళ్లను చూసుకుంటాం" అన్నాడు మేనేజర్. డ్రైవర్లు ఎక్కించి, దించి, చివరికి నేనే దిగాలుపడ్డాను. బావమరిదిని అడిగితే అదే పాట: "ఆ కార్డే ఉత్తది బావా!"

కార్డు అట్టపెట్టె మీది బొమ్మ చూస్తే, బ్లూటూత్‌కు ఆ మిగిలిన వైరే కావాలని తెలిసింది. దాన్ని డబ్బాలోంచి తీసి, కార్డును మదర్‌బోర్డుకు కలిపాను. బ్లూటూత్ పలికింది. వెంటనే బ్లూటూత్‌లో కనిపించే కంప్యూటర్ పేరు మార్చాను. పాటల కోసం బావమరిది తన ఫోన్‌లో బ్లూటూత్ వెతికినప్పుడల్లా ముందు కనిపించేది: "గది ఉత్తదే బావా".